ప్రశ్నలు – జవాబులు: చిన్న పట్టణాల యాత్ర

ప్రకృతి, స్థానిక సంస్కృతి రెండూ ఉన్న చిన్న పట్టణాలను, పల్లెలను చూడబోయేవారు ఏ సంగతులు తెలుసుకోవాలి అన్న విషయం మీద వచ్చిన ఉత్తరాలలో నుంచి కొన్ని ప్రశ్నలను ఈ సంచికకు తీసుకున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాము.

ప్రశ్న: అయ్యా, “తప్పక చూడవలసిన అందమైన ఊళ్లు” అంటూ వచ్చే జాబితాలన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి. ఒక సరస్సు, వెనక ఒక కొండ, నడుమ రంగురంగుల ఇళ్లు. ఫొటో చూసి ఎంచుకోవడం తప్ప మరో పద్ధతి ఉందా?

జవాబు: ఉంది. ఫొటోను పక్కన పెట్టి, ఆ ఊరివాళ్లు ఇన్ని తరాలుగా ఏం చేసి బతికారు అన్న ప్రశ్న వేసుకోండి. దానికి తృప్తికరమైన సమాధానం దొరికిన ఊరికి వెళ్లండి, దొరకని ఊరిని వదిలిపెట్టండి. ఇది కొంత మొండి సలహా అనిపించవచ్చు గాని, ప్రకృతి, సంస్కృతి అని మనం రెండు మాటలుగా చెప్పుకునేవి చిన్న ఊళ్లలో కలిసే చోటు ఆ బతుకుతెరువే.

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ సంగతి చూడండి. నిటారైన కొండకూ సరస్సుకూ మధ్య మిగిలిన సన్నని నేలమీద ఇళ్లు ఒకదాని వెనక ఒకటిగా పైకి ఎక్కుతూ పోతాయి. 19వ శతాబ్దం చివరి వరకు ఆ ఊరికి సరైన రోడ్డు కూడా లేదు. పడవ మీద గాని, ఇరుకు కాలిబాటల మీద గాని రావలసిందే. అంత ఇబ్బందికరమైన చోట ఊరు ఎందుకు కట్టుకున్నారో ఫొటో చెప్పదు. కారణం కొండ లోపల ఉన్న ఉప్పు. చరిత్రకు అందని కాలం నుంచి అక్కడ ఉప్పు తవ్వుతున్నారు. గనిలో బయటపడిన ఒక చెక్కమెట్ల వరుస క్రీస్తుపూర్వం 14వ శతాబ్దానిదని తేలింది. 1846 నుంచి గని అధికారి యోహాన్ గియోర్గ్ రామ్‌జావర్ ఆ కొండ లోయలో దాదాపు 980 సమాధులను తవ్వించి, వాటిలో దొరికిన వస్తువులను బొమ్మలతో సహా నమోదు చేయించాడు. ఐరోపా తొలి ఇనుప యుగానికి ఈ చిన్న ఊరి పేరే స్థిరపడింది. ఉప్పునీటిని మరిగించడానికి చుట్టుపక్కల అడవిలో కలప చాలకపోవడంతో, 17వ శతాబ్దం మొదట్లో, లోపల బోలు తొలిచిన చెట్టు మానులను ఒకదానికొకటి తగిలించి ఎబెన్‌జే అనే ఊరి వరకు దాదాపు 40 కిలోమీటర్ల గొట్టపుదారి వేశారు. నేడు ఆ దారి వెంట నడవవచ్చు. ఇవన్నీ తెలిసి చూస్తే అదే కొండ, అదే సరస్సు వేరుగా కనిపిస్తాయి.

నేల కరువు వల్ల పుట్టిన ఆచారం ఒకటి అక్కడ ఉంది. శ్మశానంలో చోటు చాలక, పాతిపెట్టిన కొన్నేళ్లకు ఎముకలను వెలికితీసి, పుర్రెల మీద చనిపోయినవారి పేరు, పూలు, ఆకుల దండలు చిత్రించి ఒక చిన్న ప్రార్థనామందిరంలో వరుసగా పేర్చేవారు. అక్కడ 1,200కు పైగా పుర్రెలు ఉన్నాయి, వాటిలో సుమారు సగం చిత్రించినవి. చూసి భయపడేవారు భయపడతారు గాని, తమ తాతముత్తాతలను ఊరు దాటి పంపడానికి ఇష్టపడనివారు చేసిన పని అది.

నెదర్లాండ్స్‌లోని గీత్‌హోర్న్‌కు రోడ్లకు బదులు కాలువలు, కాలువల మీద వందకు పైగా చెక్క వంతెనలు ఉన్నాయని అందరూ రాస్తారు. ఆ కాలువలను అందానికి తవ్వలేదు. చిత్తడి నేలలో మొక్కలు కుళ్లి ఏర్పడే పీట్ అనే మట్టిని ఎండబెడితే పొయ్యిలోకి పనికివస్తుంది; దానిని శతాబ్దాలపాటు తవ్వి, పడవల మీద తరలించడానికి కాలువలు తీశారు. తవ్విన చోట్లు నీటితో నిండి చెరువులయ్యాయి, మిగిలిన నేల దీవులయింది, ఆ దీవుల మీద ఇళ్లు వెలిశాయి. పక్షులకు, నీటిమొక్కలకు పేరుపడిన వేరిబెన్-వీడెన్ జాతీయవనం ఆ తవ్వకాలతో రూపుదిద్దుకున్న చిత్తడి నేలే. దాన్ని వదిలేస్తే రెల్లు, పొదలు పెరిగి క్రమంగా అడవిగా మారిపోతుంది గనుక ఇప్పటికీ రెల్లు కోస్తూనే ఉంటారు.

ఇటలీ తీరంలోని చింక్వె తెర్రె అనే ఐదు ఊళ్ల పరిస్థితి ఇంకా స్పష్టంగా ఉంటుంది. సముద్రంలోకి జారిపోతున్నట్టు ఉండే ఆ కొండవాలును అంచెలంచెలుగా చెక్కి, సున్నమూ అడుసూ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, ఆ సన్నని మడుల్లో ద్రాక్ష పండించారు. పనికి మనుషులు తగ్గి మడులు బీడుపడిన చోట గోడలు కూలుతాయి, గోడలు కూలిన చోట నేల జారుతుంది. 2011 అక్టోబర్ 25న కుండపోత వాన పడినప్పుడు ఆ ఐదు ఊళ్లలోని వెర్నాత్సా, మోంతెరోస్సో వీధులు బురదలో మునిగిపోయాయి. వాన అసాధారణమైనదే; కాని ఆ కొండవాలు నిలబడటానికి ఏటా మనిషి చెయ్యి పడాలన్న సంగతి ఆ రోజు తెలిసివచ్చింది. మనం ప్రకృతి దృశ్యం అని ఫొటో తీసుకునేది అక్కడ చాలావరకు వ్యవసాయమే.

ప్రశ్న: మాకు సెలవు తక్కువ. ఒక పెద్ద నగరంలో దిగి, రోజుకు రెండు మూడు చిన్న ఊళ్ల చొప్పున చూసిరావచ్చా?

జవాబు: చూసిరావచ్చు, కాని ఊరిని కాక ఊరికి వచ్చిన జనాన్ని చూసి వస్తారు. ఇలాంటి చోట్ల పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు బస్సులలో వచ్చేవారిదే సందడి. ఆ గంటల్లో ఊరివాళ్లు వీలైనంతవరకు వీధిలోకి రారు, వచ్చినా అమ్మకందారులుగానే వస్తారు. చివరి బస్సు వెళ్లిన తరువాత, మరుసటి రోజు మొదటి బస్సు రాకముందు ఉన్న సమయమే ఊరిది.

అందువల్ల మూడు ఊళ్లకు బదులు ఒక ఊరిని ఎంచుకుని రెండు రాత్రులు ఉండండి. బస కూడా ఊరి నడుమనే చూసుకోవాలి. ఐదు కిలోమీటర్ల అవతల చవకగా దొరికిన గదిలో దిగితే మీరూ పగటి బస్సువారి కిందే లెక్క. చేరుకునే దారిని కూడా ముందే చూసుకోండి: హాల్‌స్టాట్ రైలుస్టేషన్ సరస్సుకు ఊరికి ఎదుటి ఒడ్డున ఉంది, రైలు వేళలను అనుసరించే పడవ ఎక్కి ఊళ్లోకి చేరాలి. పొద్దుపోయి వచ్చే రైలుకు పడవ ఉండకపోవచ్చు కనుక వేళలు చూసుకోకుండా బయలుదేరవద్దు. నన్నడిగితే, ఆ ఊరిని మొదటిసారి చూడవలసింది నీటిమీద నుంచే.

ప్రశ్న: ఏ నెలలో వెళ్లాలో ఎలా తేల్చుకోవాలి? “అనుకూల కాలం” అని రాసిన నెలల్లోనే రద్దీ, ధరలు రెండూ ఎక్కువగా ఉంటున్నాయి.

జవాబు: అనుకూల కాలం అంటే వాన పడని కాలం అని మాత్రమే అర్థం చేసుకోకండి. ఆ ఊరి పని ఏ నెలలో జరుగుతుంది, ఏ నెలలో ఏ ఇబ్బంది ఉంది అన్న రెండూ కలిపి చూడాలి.

వియత్నాంలోని హోయ్ ఆన్‌కు అక్టోబర్, నవంబర్ నెలల్లో తూ బోన్ నది వరద తరచుగా వస్తుంది. 15వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం వరకు చైనా, జపాన్ వర్తకులు వచ్చిపోయిన రేవు అది. నది పూడిపోయి ఓడలు దా నాంగ్ రేవుకు మళ్లడంతో వ్యాపారం పడిపోయింది, కొత్త కట్టడాలకు డబ్బు లేక పాత వీధులు అలాగే మిగిలిపోయాయి. అక్కడి పాత వర్తకుల ఇళ్లలో అటకకు ఒక చదరపు కంత ఉంటుంది. నీరు వీధిలోకి రాగానే సరుకును తాళ్లతో అందులోనుంచి పైకి లాగేవారు. గోడమీద ఏ సంవత్సరం నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తులు పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. అంటే వరద ఆ ఊరి నిర్మాణంలోనే ఉంది. అలాగని వరదలో వెళ్లమని నా సలహా కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పొడిగా, తేలికగా ఉంటుంది. చాంద్రమాన నెలలో పధ్నాలుగో రాత్రి పాత వీధుల్లో విద్యుద్దీపాలు తగ్గించి కాగితపు, పట్టు లాంతర్లు వెలిగిస్తారు. అందం ఉంది, తొక్కిసలాట అంత రద్దీ కూడా ఉంది. పదిహేనో రోజుకో పదహారో రోజుకో వెళ్లినా లాంతర్లు ఎక్కడికీ పోవు.

లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌కు నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు చల్లని కాలం. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండల మీద పోడు కోసం పెట్టే మంటల పొగ లోయలో నిలిచిపోయి మెకాంగ్ నది అవతలి ఒడ్డు కూడా మసకగా కనిపిస్తుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ నెలలను పూర్తిగా మానుకోవాలి. వానాకాలంలో ఊరికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని క్వాంగ్ సీ జలపాతం ఉధృతంగా ఉంటుంది గాని, దానికి పేరు తెచ్చిన నీలిరంగు బురదలో కలిసిపోతుంది.

చింక్వె తెర్రెలో శరత్కాలపు వానలకు కొండబాటలు మూసివేస్తుంటారు. వర్ష హెచ్చరిక ఉన్న రోజున బాటల మీదికి పోనివ్వరు. అక్కడి జాతీయవనంలో చెప్పులతో కొండబాట ఎక్కితే జరిమానా వేసే నిబంధన కూడా ఉంది. మడమను పట్టి ఉంచే బూట్లు తీసుకువెళ్లండి.

ప్రశ్న: ఎక్కడికి వెళ్లినా “సంస్కృతి” పేరిట సందర్శకుల కోసం ఏర్పాటు చేసిన ప్రదర్శనలే కనిపిస్తున్నాయి. అసలైనదాన్ని గుర్తించడం ఎలా?

జవాబు: మనం చూడటానికి రాకపోయినా ఆ పని జరుగుతుందా అని అడగండి. జరుగుతుందంటే అది వారి సంస్కృతి. జరగదంటే అది వారి ఉద్యోగం. ఉద్యోగం అయినంత మాత్రాన తప్పేమీ లేదు, ప్రదర్శనను ప్రదర్శనగానే చూసి, చప్పట్లు కొట్టి, డబ్బు చెల్లించి రావచ్చు.

జపాన్‌లోని షిరకావా-గోలో నిటారైన గడ్డి కప్పుల ఇళ్లు ఉన్నాయి. దాదాపు 60 డిగ్రీల వాలు ఉండే ఆ కప్పుల కింద మూడు నాలుగు అంతస్తుల అటకలు, ఆ అటకల్లో ఒకప్పుడు పట్టుపురుగుల పెంపకం. ఇంటి నడుమ నేలపొయ్యిలో ఎప్పుడూ మండే మంట వల్ల పొగ పైకి వెళ్లి గడ్డికి, దూలాలకు, వాటిని బిగించిన తాళ్లకు పట్టి పురుగు పట్టకుండా కాపాడేది. మూడు నాలుగు దశాబ్దాలకు ఒకసారి ఒక్కొక్క ఇంటి కప్పు మార్చాలి. ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదు గనుక ఊరంతా, ఒక్కోసారి వంద మందికి పైగా, కలిసి కూలి లేకుండా కప్పు వేస్తారు. రేపు వారి ఇంటికి వీరు వెళతారు. ఈ బదులు పనికి అక్కడ ‘యుయి’ అని పేరు. ఇప్పుడు కొంత భాగం వృత్తి పనివారు, ప్రభుత్వ సహాయం మీద నడుస్తున్నా ఆ పద్ధతి నిలిచే ఉంది. శరత్కాలం చివర ఊరంతటా నీటి ఫిరంగులను ఒక్కసారిగా విప్పి ఇళ్లమీద చిమ్మిస్తారు. అది చూడటానికి ఎంతో బాగుంటుంది, ఫొటోలు దేశదేశాలకు పాకాయి. కాని అది అగ్నిప్రమాద నివారణ సాధన. ఒక్క నిప్పురవ్వ ఊరంతటినీ కాల్చగల చోట అదే అసలైన ఉత్సవమని నేనంటాను. అక్కడ ఆరుబయట పొగతాగవద్దన్న నిబంధన ఎందుకుందో వేరే చెప్పనక్కరలేదు.

ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో ప్రజల వరి మడులు కొండ అడుగు నుంచి శిఖరం దాకా మెట్లుగా ఉంటాయి. 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ మడులను 2001లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో పెట్టి, మరమ్మతుల తరువాత 2012లో తొలగించారు. ప్రమాదం తెచ్చింది తుపానులు ఒక్కటే కాదు, యువత పట్నాలకు పోవడం కూడా. ఆ మడులు 2,000 ఏళ్ల నాటివని మార్గదర్శకులు చెబుతారు. ఇటీవలి తవ్వకాలు మాత్రం, స్పెయిన్‌వారు వచ్చిన తరువాత కొండల్లోకి తప్పుకున్న ప్రజలు వీటిలో ఎక్కువ భాగాన్ని విస్తరించి ఉంటారని సూచిస్తున్నాయి. వయసు తగ్గినందువల్ల మడుల విలువ తగ్గదు, నిజానికి నాకు రెండో కథే ఎక్కువ ఆసక్తికరం. నాట్లప్పుడు, కోతలప్పుడు, చనిపోయినవారి దగ్గర జాగరణలో ‘హుద్‌హుద్’ అనే గాథలను పాడతారు, పాట నడిపించేది సాధారణంగా ఒక వృద్ధ స్త్రీ. దానిని వేదిక మీద వినవచ్చు. కోతల నెలలో వెళ్లి, పొలం గట్టున వినపడే అదృష్టం కలిగితే తేడా మీకే తెలుస్తుంది.

అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయ కూడా ఈ కోవలోనిదే. అక్కడి అపతానీ తెగవారు ఒకే మడిలో వరిని, చేపలను కలిపి పెంచుతారు, గట్ల మీద చిరుధాన్యం వేస్తారు. జూలై మొదటి వారంలో వచ్చే ద్రీ పండుగ ఆ పంట క్షేమంగా చేతికి రావాలని చేసేది. బయటివారు ముందుగా ఇన్నర్ లైన్ పర్మిట్ అనే ప్రవేశ అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: లువాంగ్ ప్రబాంగ్‌లో తెల్లవారుజామున భిక్షువులు వరుసగా వచ్చి భిక్ష స్వీకరిస్తారని విన్నాము. మేమూ భిక్ష వేయవచ్చా? ఫొటోలు తీయవచ్చా?

జవాబు: ఆ ఆచారంలో మీకు నిజంగా భక్తి ఉంటే వేయవచ్చు, లేకపోతే దూరంగా నిలబడి మౌనంగా చూడటమే మర్యాద. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి. వరుసను దాటకూడదు, భిక్షువులను తాకకూడదు, ఫ్లాష్ వాడకూడదు, వారి ముఖం ముందుకు కెమెరా తీసుకుపోకూడదు. భిక్ష వేయదలచినవారు అన్నాన్ని వీధిలో తిరిగే అమ్మకందారుల దగ్గర అప్పటికప్పుడు కొనకుండా బస చేసిన ఇంట్లోనే వండించుకోవడం మంచిది. ఎందుకంటే ఆ అన్నం వారు తినేది. ఊరి ముఖ్య వీధిలో రద్దీ ఎక్కువ కనుక పక్క వీధులలోని చిన్న విహారాల ముందు నిలబడితే మీకూ వారికీ నెమ్మదిగా ఉంటుంది.

జీరోలో ముఖాన పచ్చబొట్లు, ముక్కుకు చెక్కబిళ్లలు ఉన్న వృద్ధ స్త్రీల విషయంలోనూ ఇదే. ఆ ఆచారం 1970ల నాటికి ఆగిపోయింది. ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడను అడగకుండా ఫొటో తీయడం ఎక్కడైనా తప్పే, అడిగి వద్దన్నాక తీయడం ఇంకా తప్పు.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ల నొప్పి. ఆవిడను తీసుకువెళ్లగలిగే చోటు ఏదైనా చెప్పండి.

జవాబు: గీత్‌హోర్న్. నేల సమతలం, పడవలో కూర్చుంటే ఊరంతా చుట్టిరావచ్చు. చప్పుడు చేయని విద్యుత్ పడవలు అద్దెకు దొరుకుతాయి. కాలువల మీది వంతెనలకు వాలు ఎక్కువ కనుక నడకను పరిమితం చేసుకోండి. హాల్‌స్టాట్‌లో సరస్సు ఒడ్డు వీధి వరకు ఫరవాలేదు, గని దగ్గరకు కొండరైలు ఉంది గాని గని లోపల మెట్లు, చెక్క జారుడుబల్లలు ఉంటాయి. చింక్వె తెర్రెలో కోర్నీల్యా స్టేషన్ నుంచి ఊళ్లోకి దాదాపు 380 మెట్లు. ఇఫుగావో మడులకు మాత్రం మోకాళ్లు బాగున్నవారే వెళ్లాలి.

ప్రశ్న: మీరు చెప్పిన ఊళ్లన్నీ ఇప్పటికే పేరుపడినవి. మనలాంటివారు వెళ్లడం వల్లే అవి పాడవుతున్నాయని కూడా అంటున్నారు. వెళ్లకుండా ఉండమంటారా?

జవాబు: వెళ్లవద్దని అనను. అయితే ఆ ఆరోపణలో నిజం ఉంది. హాల్‌స్టాట్‌లో నివాసం ఉండేవారు 800 మందికి లోపే. వేసవిలో ఒక్క రోజులో వచ్చే జనం ఆ సంఖ్యకు ఎన్నో రెట్లు. 2023లో అక్కడివారు రోడ్డుమీదికి వచ్చి నిరసన తెలిపారు. అదే ఏడాది జనం గుమిగూడే ఒక చోట సెల్ఫీలకు అడ్డంగా చెక్క కంచె కట్టి, కొద్దిరోజుల్లోనే తీసేశారు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఈ ఊరికి నకలు ఒకటి కట్టి 2012లో ప్రారంభించారు. ఫొటో ఒక్కటే కావలసినవారికి అది సరిపోతుందని నాకొక దుర్బుద్ధి.

పేరుపడిన ఊరి పక్కనే అదే నేల, అదే బతుకు ఉన్న మరో ఊరు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. షిరకావా-గోతో పాటే 1995లో వారసత్వ జాబితాలో చేరిన గోకయామా ప్రాంతంలో ఐనొకురా, సుగనుమా అనే పల్లెలు ఉన్నాయి. అవే కప్పులు, అదే మంచు, జనం మాత్రం బాగా తక్కువ. షిరకావా-గోలో శీతాకాలపు దీపాలంకరణ రాత్రులకు ముందస్తు రిజర్వేషన్ లేనిదే రానివ్వరు. అది దొరకనివారు నిరాశపడకుండా గోకయామా వైపు చూడాలి. హాల్‌స్టాట్‌కు సరస్సు అవతల ఓబర్‌ట్రాన్ అనే ఊరు ఉంది. చింక్వె తెర్రెలోని మనరోలా పైన కొండమీద వొలాస్త్రా ఉంది, రెండింటినీ కలిపే దారి ద్రాక్ష మడుల గుండానే పోతుంది.

కొత్త పేర్లు వెతుక్కునేవారికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, 1999లో ఇటలీలో మొదలైన చిత్తాస్లో అనే పట్టణాల సంఘం. 50,000 లోపు జనాభా ఉండి, రద్దీకి, హడావుడికి దూరంగా ఊరిని నడుపుకుంటామని ఒప్పుకున్న పట్టణాలు ఇందులో సభ్యులు, వారి గుర్తు నత్త. రెండోది, ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021 నుంచి ప్రకటిస్తున్న ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితా. ఈ రెండింటిలోనూ ప్రకటనల వాసన కొంత లేకపోలేదు. జాబితాలో పేరు చూసి టికెట్ కొనకుండా, ఆ ఊరి బస్సుల వేళలు, వారపు సంత రోజు, పంట కాలం వెతికి చూడండి. ఈ మూడూ దొరికితే అక్కడ ఊరివాళ్లు తమ పని తాము చేసుకుంటూ ఉన్నారని అర్థం, బస కోసం నేరుగా వారికే ఉత్తరం రాయవచ్చు.